పిస్టల్ రీకాయిల్‌ను తగ్గించే అసాధారణ యంత్రాంగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవాళ పోలీసుల దగ్గర, సైన్యాల దగ్గర కనిపించే సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లలో చాలా భాగం లోపల ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. నూరేళ్లకు పైగా కొందరు ఇంజనీర్లు ఆ దారి వదిలేసి వేరే దారులు వెతికారు. కొందరికి ఫలితం దక్కింది, కొందరి కంపెనీలు మూతపడ్డాయి. ఈ పేజీ రీకాయిల్‌ను, అంటే పేలినప్పుడు వెనక్కి వచ్చే తోపును, తగ్గించాలని చూసిన వాళ్ల పిస్టళ్ల గురించి.

పిస్టల్ పేలితే చెయ్యి వెనక్కి పోతుంది కదా, సినిమాల్లో హీరోకి అలా ఎందుకు జరగదు?

సినిమాలో పేలేది బుల్లెట్ లేని ఖాళీ తూటా. ముందుకు పోయే బరువే లేనప్పుడు వెనక్కి తన్నేదీ పెద్దగా ఉండదు. నిజం తూటా సంగతి వేరు. తొమ్మిదో తరగతి సైన్సు పాఠంలో ద్రవ్యవేగ నిత్యత్వం చెప్పేటప్పుడు తుపాకీనే ఉదాహరణగా చూపిస్తారు. ఇక్కడ కూడా ఆ లెక్కే.

సరే, ఆ లెక్క ఎంత?

ప్రపంచమంతా వాడే 9 ఎం.ఎం. తూటానే తీసుకుందాం. బుల్లెట్ బరువు 8 గ్రాములు, బ్యారెల్ దాటేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. ఈ రెండూ గుణిస్తే ద్రవ్యవేగం 2.8 వస్తుంది (కిలోగ్రాములు, సెకనుకు మీటర్లలో). బుల్లెట్ వెనకే దూసుకొచ్చే మందు వాయువు అర గ్రాము కూడా తూగదు, కానీ వేగం చాలా ఎక్కువ. దాన్ని కూడా కలిపితే మొత్తం 3 దాటుతుంది. తూటాలతో నిండిన పిస్టల్ 900 గ్రాములు అనుకుంటే, అది సెకనుకు దాదాపు మూడున్నర మీటర్ల వేగంతో వెనక్కి రావాలి.

శక్తి పరంగా చూస్తే ఇది చాలా లోభి పంపకం. బుల్లెట్‌కు దాదాపు 490 జౌళ్లు పోతే పిస్టల్ వాటాకు వచ్చేది ఐదారు జౌళ్లే. ఆ కొంచెమే చేతిని అంతగా కుదుపుతుంది.

ఏదైనా యంత్రాంగం ఆ రీకాయిల్‌ని పూర్తిగా మాయం చేయగలదా?

చేయలేదు. బుల్లెట్ ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోయిందో అంతా వెనక్కి రావాల్సిందే. స్ప్రింగు పెట్టినా, పిస్టన్ పెట్టినా, నూనె డ్యాంపర్ పెట్టినా ఆ మొత్తం మారదు. ప్రకటనల్లో "రీకాయిల్ 40 శాతం తక్కువ" లాంటి మాట కనిపిస్తే, దేన్ని కొలిచారని ముందు అడగాలి. గరిష్ఠ బలాన్నా, బ్యారెల్ మూతి పైకి లేచిన ఎత్తునా, కాల్చినవాడి అభిప్రాయాన్నా? ఈ మూడూ ఒకటి కాదు.

ఇంజనీరు చేతిలో ఉన్నవి మూడే. మొదటిది సమయం: అదే తోపును ఎక్కువసేపు పరిచి ఇవ్వడం. ఆర్టీసీ బస్సు స్టాపులో ఎలాగూ ఆగాలి, కానీ డ్రైవరు సడన్ బ్రేక్ వేస్తే ముందు సీటుకు తల కొట్టుకుంటుంది, నెమ్మదిగా తొక్కితే తెలియనే తెలియదు. రెండోది ఎత్తు: బ్యారెల్ పిడికిలికి ఎంత పైన ఉంటే మూతి అంతగా పైకి లేస్తుంది. మూడోది వాయువు దిశ: బుల్లెట్ వెనక వచ్చే వాయువును పైకో పక్కకో మళ్లించడం. కింద వచ్చే పిస్టళ్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానితోనో రెండింటితోనో ఆడినవే. రాకెట్ పిస్టల్ ఒక్కటే మినహాయింపు, దాని సంగతి తర్వాత.

మామూలు పద్ధతి అంటే ఏమిటి?

అమెరికా తుపాకీ రూపకర్త జాన్ బ్రౌనింగ్ పద్ధతి. కాల్చిన క్షణంలో బ్యారెల్, స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) ఒకదానికొకటి తాళం పడి ఉంటాయి. రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. ఆ లోపే బుల్లెట్ వెళ్లిపోయి లోపల పీడనం పడిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వంగి తాళం వదిలేస్తుంది, స్లయిడ్ ఒంటరిగా వెనక్కి పోయి ఖాళీ కేసును (తూటా లోహపు తొడుగును) బయటికి విసిరి, తిరిగి వస్తూ కొత్త తూటా ఎక్కిస్తుంది. ఎం1911లో ఈ వంపును చిన్న లింకు చేస్తుంది. 1935 నాటి హై పవర్‌లో లింకు బదులు వాలు కోత వచ్చింది. గ్లాక్‌తో సహా తర్వాత వచ్చినవాటిలో చాలా మటుకు ఆ కోత బాటే పట్టాయి.

చిన్న తూటాలకు ఇంత తతంగం అక్కర్లేదు. 1929లో వచ్చిన వాల్తర్ పీపీలోనూ, రష్యా మకారోవ్‌లోనూ తాళమే లేదు. స్లయిడ్ బరువు, స్ప్రింగు బిగువు, ఈ రెండే కేసును ఆపుతాయి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. బ్యారెల్ కదలదు కాబట్టి గురి బాగుంటుంది. కానీ అదే తూటాను తాళం ఉన్న పిస్టల్‌లో కాల్చినవాళ్లు, బ్లోబ్యాక్ చేతిలో గట్టిగా చరుస్తుందని చెబుతారు.

చేతికి తగిలేది ఒకటే దెబ్బా?

కాదు. ఇది అర్థమైతే మిగతా పేజీ సగం అర్థమైనట్టే. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండేది సెకనులో రెండువేలో వంతు మాత్రమే. ఆ వ్యవధిలో ద్రవ్యవేగమంతా స్లయిడ్‌కు చేరుతుంది కానీ చేతికి ఇంకా రాదు. స్లయిడ్ సెకనుకు ఐదారు మీటర్ల వేగంతో వెనక్కి జారుతూ స్ప్రింగును నొక్కుతుంది. చేతికి మొదట అందేది ఆ స్ప్రింగు తోపు. తర్వాత స్లయిడ్ చివరికి చేరి ఫ్రేమును (పిడి ఉన్న కింది భాగాన్ని) ఢీకొడుతుంది. చాలామంది "తన్నింది" అనేది ఈ దెబ్బనే. ఆ పైన స్లయిడ్ ముందుకు దూకి మూతిని కొంచెం కిందికి లాగుతుంది. అంతా కలిపి సుమారు 50 మిల్లీసెకన్లు.

కాబట్టి రెండో దెబ్బను మెత్తబరచగలిగితే, మొత్తం ద్రవ్యవేగం మారకపోయినా చేతికి తేడా తెలుస్తుంది.

గ్యాస్‌తో ఆలస్యం చేసే పిస్టల్ ఎలా పనిచేస్తుంది?

ఈ కోవలో అందరికీ తెలిసింది జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ చేసిన పీ7. 1970లలో పశ్చిమ జర్మనీ పోలీసుల కోసం కొత్త 9 ఎం.ఎం. పిస్టళ్లు ఎంపిక చేసినప్పుడు వాల్తర్ పీ5, సిగ్ పీ6లతో పాటు అంగీకారం పొందిన మూడోది ఇదే. బవేరియా పోలీసులు దీన్ని చాలా ఏళ్లు మోశారు.

ఇందులో బ్యారెల్ ఫ్రేముకు బిగించి ఉంటుంది, కదలదు, వంగదు. ఛాంబర్‌కు (తూటా కూర్చునే గదికి) కాస్త ముందు బ్యారెల్ అడుగున ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దాని కింద సిలిండర్. స్లయిడ్ ముందు కొసకు తగిలించిన పిస్టన్ ఆ సిలిండర్‌లో కూర్చుని ఉంటుంది. బుల్లెట్ రంధ్రం దాటగానే వేడి వాయువు సిలిండర్‌లోకి దూరుతుంది. స్లయిడ్ వెనక్కి రావాలంటే పిస్టన్ ఆ వాయువుకు ఎదురు తొయ్యాలి. అంటే కేసును వెనక్కి నెట్టే పీడనమే, ఇంకో దారిలో వచ్చి స్లయిడ్‌ను ఆపుతుంది. బుల్లెట్ బయటపడి పీడనం పడిపోగానే ఆ అడ్డు కూడా పోతుంది. గట్టి తూటా వేస్తే అడ్డు కూడా గట్టిగా ఉంటుంది, మెత్తని తూటా వేస్తే మెత్తగా ఉంటుంది. తనంతట తాను సర్దుకునే ఈ గుణం నాకు ఈ రంగంలో అన్నింటికంటే నచ్చే తెలివి.

ఆలోచన మాత్రం పీ7ది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మనీలో గుస్ట్‌లోఫ్ కర్మాగారం హడావిడిగా చేసిన వీజీ 1-5 రైఫిల్‌లో కార్ల్ బార్నిట్స్‌కే ఈ పద్ధతి వాడాడు.

పీ7 మెత్తగా అనిపించడానికి ఆ పిస్టనే కారణమా?

కొంతవరకే. సిలిండర్‌లోని వాయువు స్లయిడ్‌ను ఆపేటప్పుడు ఫ్రేమును కూడా వెనక్కి నెడుతుంది, అంటే చేతికి వచ్చే తోపు ఇంకొంచెం ముందే మొదలవుతుంది. ఆ మేరకు స్లయిడ్ చివర్లో ఢీకొనే వేగం తగ్గుతుంది. దాంతో పాటు బ్యారెల్ వంగక్కర్లేదు కాబట్టి కింద ఆ కదలికకు చోటు వదలాల్సిన పని లేదు. అందుకే బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా కూర్చుంది. పైగా అది ఉక్కు పిస్టల్, పీ7ఎం8 ఖాళీగానే 780 గ్రాములు. ఇవన్నీ కలిస్తే వచ్చిన మెత్తదనాన్ని పిస్టన్ ఒక్కదాని ఖాతాలో రాయడం అన్యాయం.

అంత బాగుంటే ఎందుకు ఆపేశారు?

వేడి, ఖర్చు. సిలిండర్ ట్రిగ్గర్ గార్డుకు సరిగ్గా పైన ఉంటుంది. వరసగా కొన్ని మ్యాగజైన్లు కాలిస్తే వేలికి సెగ తగులుతుంది. తర్వాత మోడల్‌లో అక్కడ ప్లాస్టిక్ అడ్డు పెట్టారు, సమస్య తగ్గింది కానీ పోలేదు. పూత లేని సీసపు బుల్లెట్లు వాడితే సీసం పేరుకుని ఆ సన్నని రంధ్రం మూసుకుపోవచ్చు. సిలిండర్ లోపల మసి గీకడానికి ప్రత్యేక పరికరం కావాలి. యంత్రం మీద చెక్కాల్సిన పని కూడా ఎక్కువ. ప్లాస్టిక్ ఫ్రేముల కాలం వచ్చాక ధరలో ఇది నిలబడలేదు.

పెద్ద తూటాలకు కూడా ఇది సులువుగా ఒప్పుకోలేదు. .40 తూటా కోసం చేసిన పీ7ఎం10కు చాలా బరువైన స్లయిడ్ తగిలించాల్సి వచ్చింది. .45 కోసం చేసిన నమూనాలో వాయువు బదులు నూనె డ్యాంపర్ పెట్టి చూశారు. అది అమ్మకానికి రాలేదు.

ఇదే పద్ధతిలో వేరే పిస్టళ్లు ఉన్నాయా?

ఉన్నాయి. 1980లలో ఆస్ట్రియా నుంచి వచ్చిన స్టైయర్ జీబీలో వేరే సిలిండర్ అంటూ లేదు, బ్యారెల్ చుట్టూ స్లయిడ్ లోపలి ఖాళీయే సిలిండర్. 2014లో వాల్తర్ సీసీపీ వచ్చింది. దాని లక్ష్యం వేరు. ఆలస్యం చేసే పని వాయువుది కాబట్టి స్ప్రింగు బలహీనంగా ఉన్నా చాలు. అంటే చేతుల్లో బలం తక్కువున్నవాళ్లు, కీళ్ల నొప్పులున్నవాళ్లు కూడా స్లయిడ్‌ను సులువుగా లాగగలరు. నా లెక్కలో ఈ పద్ధతికి ఇవాళ దొరికిన సరైన ఉపయోగం ఇదే.

ఇక 2019లో చెక్ దేశపు లౌగో ఆర్మ్స్ తెచ్చిన ఏలియన్. దాని రూపకర్త యాన్ లుచాన్‌స్కీ. పీ7లో పిస్టన్ బ్యారెల్ కింద ఉంటే, ఇందులో పిస్టన్‌నీ సుత్తినీ బ్యారెల్ పైకి ఎక్కించి, బ్యారెల్‌ను వీలైనంత కిందికి దింపారు. సైట్లున్న పై పట్టీ అసలు కదలదు, స్లయిడ్ దాని కింద పక్కల నుంచి జారుతుంది. కాల్చేటప్పుడు సైటు కళ్ల ముందు వెనక్కీ ముందుకీ గెంతదు. పట్టీ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపే సైటు) పెట్టుకుంటే దానికి స్లయిడ్ కుదుపు తగలదు. ధర మాత్రం మామూలు సర్వీస్ పిస్టల్‌కు ఎన్నో రెట్లు. పోటీలకు తప్ప దేనికీ కాదు.

బ్యారెల్ ఎంత కిందికి ఉంటే అంత మంచిదా?

సూత్రం నిజమే. బ్యారెల్ గీతకూ చేతి పట్టుకూ మధ్య దూరం తగ్గితే మూతిని పైకి తిప్పే బలం తగ్గుతుంది. దాన్ని చివరంటా లాగినవాళ్లు 1950లలో సోవియట్లు. ఎంటీఎస్-3 రికార్డ్ అనే ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌ను తలకిందులుగా కట్టారు. బ్యారెల్ పిడికిలి ఎత్తులో, మిగతా యంత్రాంగం పైన. మూతి దాదాపు లేవదు. తర్వాత అంతర్జాతీయ నియమాలు మార్చి ఆ దారి మూసేశారు. ఇప్పుడు బ్యారెల్ మధ్య గీత, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే చర్మానికి పైనుంచి పోవాలి.

2017లో అమెరికాలో హడ్సన్ హెచ్9 ఇదే వాగ్దానంతో సంచలనం రేపింది. బ్రౌనింగ్ వంపు బ్యారెలే, కానీ స్ప్రింగును బ్యారెల్ కింద నుంచి తీసి ట్రిగ్గర్ గార్డు ముందున్న లావాటి భాగంలోకి దింపారు. రెండేళ్లకే కంపెనీ దివాలా తీసింది. ఆ డిజైన్ తర్వాత డేనియల్ డిఫెన్స్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది.

అయితే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బోర్ ఆక్సిస్ (బ్యారెల్ మధ్య గీత ఎత్తు) గురించి జరిగే చర్చలో సగం అతిశయోక్తి. మామూలు పిస్టళ్ల మధ్య తేడా కొన్ని మిల్లీమీటర్లే. పట్టు ఒక సెంటీమీటరు కిందికి జారితే ఆ లాభమంతా పోతుంది. పట్టు నేర్చుకోకుండా మిల్లీమీటర్లు కొనడం డబ్బు దండగ.

బ్యారెల్ వంగకుండా గుండ్రంగా తిరిగితే లాభం ఏమిటి?

1912 నాటి ఆస్ట్రియా స్టైయర్ నుంచి 1994 బెరెట్టా 8000 దాకా, ఆ తర్వాత పీఎక్స్4, స్లొవేకియా గ్రాండ్ పవర్ కె100 దాకా ఈ పద్ధతి బతికే ఉంది. బ్యారెల్ మీద చిన్న కొమ్ము, కింద ఫ్రేములో వంపు తిరిగిన గాడి. వెనక్కి వచ్చేటప్పుడు బ్యారెల్ కొద్దిగా తిరిగి తాళం వదులుతుంది, కానీ నేరుగానే జారుతుంది. వంగే బ్యారెల్ కింద ఢీకొనే చిన్న దెబ్బ ఇందులో లేదు. తోపులో కొంత భాగం తిప్పడానికి పోయి, ఆ మేరకు సమయం సాగుతుంది. ప్రతికూలత ఏమిటంటే స్లయిడ్ లావవుతుంది, గాడిలో గ్రీజు ఉండాలి. పీఎక్స్4 కుటుంబంలో అతి చిన్న మోడల్‌కు బెరెట్టా వాళ్లే తిరిగే బ్యారెల్ వదిలేసి వంగే బ్యారెల్ పెట్టారు. చోటు చాలకపోతే సిద్ధాంతం పక్కకు పోతుందన్నమాట.

పాత కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. అమెరికా సావేజ్ 1907 పిస్టల్‌లో బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడుల వెంట తిరిగేటప్పుడు పుట్టే ఎదురు మెలి, బ్యారెల్‌ను తిరగకుండా పట్టి ఉంచుతుందని దాని రూపకర్త ఎల్బర్ట్ సర్ల్ వాదించాడు. వినడానికి అద్భుతంగా ఉంది. లెక్క వేస్తే ఆ మెలి బలం చాలా చిన్నది. అయినా సావేజ్ .45 మోడల్ అమెరికా సైన్యం పోటీలో చివరిదాకా నిలబడి, 1911లో కోల్ట్ చేతిలో ఓడింది.

రోలర్లు, లివర్లు పెట్టినవి కూడా ఉన్నాయట?

హెక్లర్ అండ్ కోఖ్ తమ జీ3 రైఫిల్‌లోని రోలర్ పద్ధతిని కుదించి పీ9ఎస్ అనే పిస్టల్‌లో పెట్టింది. బోల్టు (తూటాను వెనకనుంచి మూసే భాగం) తలలో రెండు చిన్న రోలర్లు బ్యారెల్ వెనక గుంటల్లో ఇరుక్కుని ఉంటాయి. బోల్టు తల ఒక అడుగు వెనక్కి వెయ్యాలంటే, రోలర్లు లోపలికి నొక్కుకుని బరువైన స్లయిడ్‌ను దానికంటే చాలా వేగంగా నెట్టాలి. ఆ అననుకూలతే ఆలస్యం. ఇటలీ బెనెల్లి బీ76లో అదే పని చిన్న లివరుతో చేయించారు. బ్యారెల్ కదలదు కాబట్టి ఈ రెండింటికీ గురి విషయంలో మంచి పేరుంది. చేతికి తగిలే తోపులో మాత్రం మామూలు పిస్టల్‌తో పోలిస్తే పెద్ద అద్భుతమేమీ ఉండదు.

వీటికంటే ఆసక్తికరమైనది రూపకర్త జాన్ పెడర్సన్ పద్ధతి. 1918లో అమ్మకానికి వచ్చిన రెమింగ్టన్ మోడల్ 51లో, స్లయిడ్ లోపల విడిగా ఒక బ్రీచ్ దిమ్మె (బ్యారెల్ వెనక కొసను మూసేది) ఉంటుంది. కాల్చగానే రెండూ కలిసి కొద్దిగా వెనక్కి వస్తాయి, దిమ్మె ఫ్రేములోని మెట్టుకు తగిలి ఆగిపోతుంది, స్లయిడ్ అప్పటికే అందుకున్న ఊపుతో సాగిపోతుంది, కాస్త ఆగి దిమ్మెను పైకెత్తి తనతో లాక్కుపోతుంది. ఆపడానికి బరువు కాక మెట్టు ఉంది కాబట్టి స్లయిడ్ తేలిగ్గా ఉండొచ్చు. చుట్టూ స్ప్రింగు చుట్టిన బ్యారెల్ చేతికి దగ్గరగా ఉండొచ్చు. 2014లో ఆర్51 పేరుతో దీన్ని 9 ఎం.ఎం.లో తిరిగి తెచ్చారు. తొలి బ్యాచ్‌లలో లోపాలు బయటపడి వెనక్కి పిలిపించారు, 2016లో మళ్లీ విడుదల చేశారు. ఆలోచన బాగున్నా తయారీలో కొలతలు అటూ ఇటూ అయితే ఇలాంటి యంత్రాంగం క్షమించదు.

స్ప్రింగు మీద స్ప్రింగు, పాదరసం రాడ్డు లాంటివి పనిచేస్తాయా?

హెక్లర్ అండ్ కోఖ్ 1993లో తెచ్చిన యూఎస్‌పీలో గైడ్ రాడ్డు (స్ప్రింగు లోపలి కడ్డీ) మీద రెండో స్ప్రింగు ఉంది, చాలా గట్టిది. స్లయిడ్ ప్రయాణం చివర్లో మాత్రమే అది పనిలోకి దిగి ఢీకొనే దెబ్బను మింగుతుంది. పైన చెప్పిన రెండో దెబ్బకు సూటి మందు ఇదే. చవక, సులువు, మసికి లొంగదు. ఫ్రేము ఆయుష్షు కూడా పెరుగుతుంది.

టంగ్‌స్టన్ గైడ్ రాడ్డు పనిచేసేది ముందు భాగంలో బరువు పెరగడం వల్ల, అంతకు మించి రహస్యమేమీ లేదు. పాదరసం నింపిన గొట్టాల్లో ద్రవం ఆలస్యంగా కదిలి తోపును కొంచెం పరుస్తుందని చెబుతారు. పిస్టల్‌లో పట్టే పాదరసం ఎంతని? అంతే బరువున్న గట్టి లోహం పెట్టినా దాదాపు అదే ఫలితం వస్తుందని నా నమ్మకం.

క్రిస్ వెక్టర్‌లో బోల్టు కిందికి పోతుందని విన్నాను. నిజమా?

నిజం. అది మూలంలో .45 సబ్‌మెషిన్ గన్, కానీ పిస్టల్ రూపంలోనూ అమ్ముతారు. బోల్టు కొద్దిగా వెనక్కి వచ్చి, వాలు గాడుల వెంట ఒక బరువైన దిమ్మెను మ్యాగజైన్ వెనక కిందికి తోస్తుంది. బరువు కిందికి దూకితే మిగతా తుపాకీ పైకి పోవాలి కదా అని అడుగుతారు. మొదట అలాగే ఉన్నా, దిమ్మె అడుగున ఆగేటప్పుడు తుపాకీని కిందికి లాగుతుంది. మూతిని లేపే మెలిని అది కొంత కొట్టేస్తుంది. పైగా బ్యారెల్ చేతికి సూటిగా ఎదురుగా ఉంది. వరసగా పేల్చేటప్పుడు తేడా తెలుస్తుంది. ఒక్కో గుండు గురిచూసి కాల్చేవాళ్లకు ఇంత యంత్రం మోసినందుకు దక్కేది తక్కువే.

మూతి దగ్గర వాయువును మళ్లించే కాంపెన్సేటర్ పెట్టుకుంటే చాలదా?

మొత్తం తోపును నిజంగా కొంత తగ్గించేది, ఈ జాబితాలో వాయువును మళ్లించే పద్ధతి ఒక్కటే. వాయువు నేరుగా ముందుకు పోకుండా పక్కకో పైకో పోతే, అది వెనక్కి ఇచ్చే వాటా తగ్గుతుంది. పైకి పోతే మూతిని కిందికి కూడా నొక్కుతుంది. కానీ దీనికి పీడనం కావాలి. 9 ఎం.ఎం. తూటా గరిష్ఠ పీడనం అమెరికా ప్రమాణాల ప్రకారం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .45ది 21,000. అందుకే ఒకే కాంపెన్సేటర్ మొదటిదాని మీద బాగా, రెండోదాని మీద నీరసంగా పనిచేస్తుంది. ఐపీఎస్‌సీ (ప్రాక్టికల్ షూటింగ్ పోటీల అంతర్జాతీయ సంస్థ) ఓపెన్ విభాగం షూటర్లు .38 సూపర్ లాంటి అధిక పీడనపు తూటాలు ఎంచుకోవడానికి కారణం కూడా ఇదే. చప్పుడు, రాత్రిపూట కళ్లు చెదిరే మెరుపు, సైటు మీద మసి, ఇవి దాని మూల్యం.

రీకాయిల్ పెంచిన వింత డిజైన్ ఏదైనా ఉందా?

ఉంది. 1908 నాటి ష్వార్జ్‌లోజ పిస్టల్. అందులో స్లయిడ్ వెనక్కి రాదు, బ్యారెలే ముందుకు పోతుంది. బ్రీచ్ ఫ్రేములో భాగం కాబట్టి కేసు వెనక్కి నెట్టిన తోపంతా మధ్యలో ఏ బరువూ, ఏ స్ప్రింగూ లేకుండా వెంటనే చేతికి చేరుతుంది. .32 తూటా కాబట్టి భరించారు. సమయాన్ని పరచడం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

మరి ఆ రాకెట్ పిస్టల్?

1960లలో కాలిఫోర్నియాలో మెయిన్‌హార్ట్, బీల్ స్థాపించిన ఎంబీఏ కంపెనీ చేసిన జైరోజెట్. 13 ఎం.ఎం. గుండే ఒక చిన్న రాకెట్. వెనకనుంచి వాయువు వదులుతూ పోతుంది కాబట్టి పిస్టల్ మీద పడే తోపు చాలా స్వల్పం. సుత్తి రాకెట్ ముక్కు మీద కొట్టి దాన్ని వెనక్కి, కదలని పిన్ను మీదికి నెడుతుంది. రాకెట్ ముందుకు పోతూ సుత్తిని మళ్లీ ఎక్కించి పోతుంది. స్లయిడ్ లేదు, విసరాల్సిన కేసు లేదు. లోపం కూడా అక్కడే: మూతి దగ్గర వేగం చాలా తక్కువ, కొంత దూరం పోయాక గానీ ఊపందుకోదు. దగ్గర్లో బలం లేక, దూరంలో గురి లేక, సేకరణదారుల అలమారాల్లోకి చేరింది.

ఒలింపిక్ షూటర్ల పిస్టళ్లలో ఏం వాడతారు?

25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో చివరి దశల్లో ఐదు లక్ష్యాలను 4 సెకన్లలో కాల్చాలి. కాబట్టి మూతి ఎంత త్వరగా కుదురుకుంటే అంత మేలు. 2004 దాకా ఇందులో .22 షార్ట్ అనే బుజ్జి తూటా వాడేవారు, బ్యారెల్‌కు రంధ్రాలు కూడా ఉండేవి. 2005 నుంచి .22 లాంగ్ రైఫిల్ తప్పనిసరి, కాంపెన్సేటర్లూ రంధ్రాల బ్యారెళ్లూ నిషేధం, బరువు 1,400 గ్రాములు దాటకూడదు. ఇక మిగిలింది లోపల ఆడే బరువులు. కొన్ని మ్యాచ్ పిస్టళ్లలో ముందు భాగంలో చిన్న దిమ్మెలు కదిలి తోపును పరుస్తాయి. స్టైయర్ ఎల్‌పీ10 ఎయిర్ పిస్టల్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

.22 తోపు 9 ఎం.ఎం.తో పోలిస్తే నాలుగో వంతు ఉంటే ఎక్కువ. అయినా వాళ్లు దీని కోసం ఇంత తిప్పలు పడతారంటే పోటీ ఎంత సన్నని తేడా మీద నడుస్తుందో అర్థం చేసుకోవచ్చు. లండన్ 2012లో విజయ్ కుమార్ రజతం గెలిచింది ర్యాపిడ్ ఫైర్‌లోనే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ విభాగంలోనూ .22 సెమీ ఆటోమేటిక్‌లే వాడతారు.

ఇన్ని తెలివైన పద్ధతులుండగా బ్రౌనింగ్ వంపే ఎందుకు గెలిచింది?

విడిభాగాలు తక్కువ, బురదలో పడేసినా పనిచేస్తుంది, 9 ఎం.ఎం. నుంచి .45 దాకా ఏ తూటాకైనా కొలతలు మార్చితే చాలు. ప్లాస్టిక్ ఫ్రేము కాస్త వంగి కొంత దెబ్బను తనే తీసుకుంటుంది. వందమంది కానిస్టేబుళ్లకు పిస్టళ్లు కొనే అధికారి అడిగేది ధర, మన్నిక, స్పేర్ పార్టులు. మెత్తదనం ఆ తర్వాత.

మన దేశంలో ఇలాంటి పిస్టల్ కొనుక్కోవచ్చా?

ఈ పేజీలో వచ్చిన పిస్టళ్లలో ఎక్కువ భాగం 9 ఎం.ఎం.వి. మన ఆయుధ చట్టం కింద అది నిషేధిత బోరు, సామాన్యుడి లైసెన్సు మీద రాదు. సైన్యం, పోలీసుల చేతిలో ఎక్కువగా కనిపించిన 9 ఎం.ఎం. పిస్టల్ 1ఏ, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ, బ్రౌనింగ్ హై పవర్ ఆధారంగా చేసింది. లైసెన్సుదారులకు దొరికే మన ఫ్యాక్టరీల .32 పిస్టళ్లు తాళం లేని బ్లోబ్యాక్‌లు. ఆత్మరక్షణ లైసెన్సు కోసం కాక, యంత్రాంగం మీద ఆసక్తితో వచ్చినవాళ్లకు దగ్గరి దారి రైఫిల్ క్లబ్‌లో చేరి .22 స్పోర్ట్ పిస్టల్ కాల్చి చూడటం.